బొట్టు పెట్టిన లెన్స్

మార్చి 12, ఆదివారం

గుడ్లగూబ దొరికింది. ఫొటో దొరకలేదు.

పొద్దున్నే, నాలాగే పక్షుల ఫొటోల పిచ్చి ఉన్న యోగానంద్ ఫోన్ చేశాడు. "రావుగారూ, రిచ్‌మండ్ దాటాక పొలాల్లో తెల్ల గుడ్లగూబ కరెంటు స్తంభం మీద కూర్చుంది, టిఫిన్ మానేసి రండి" అన్నాడు. టిఫిన్ మానలేదు గానీ త్వరగా తిన్నాను. వెళ్ళేసరికి అది అక్కడే ఉంది, పాస్‌పోర్ట్ ఫొటోకి కూర్చున్న మనిషిలా కదలకుండా, నేరుగా నా వైపే చూస్తూ. అంత బుద్ధిమంతురాలైన పక్షి నాకు ఈ జన్మలో మళ్ళీ దొరకదు. చేతులు కొయ్యబారేదాకా తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే స్తంభం మీద మైదాపిండి ముద్ద ఉంది. అన్నిటిలోనూ అదే ముద్ద. నా పక్కనే నిలబడి యోగానంద్ తీసినవాటిలో దాని కనురెప్ప మీది మంచు కూడా కనిపిస్తోంది.

కారణం స్పష్టం. నా జూమ్ లెన్స్ పాతది. రిటైరైన కొత్తలో కొన్నది, అప్పటికే ఎవరో వాడేసినది. ఈ విషయంలో నా మాటకి విలువుంది. ఊరి శివార్లో కనాటాలో ముప్పై ఏళ్ళు టెలికాం కంపెనీల్లో ఆప్టికల్ పరికరాలకి అదురు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడమే నా ఉద్యోగం. "షేక్ ఎక్కడుందో పట్టుకోవడంలో భద్రాని మించినవాడు ఈ టెక్ పార్కులో లేడు" అని మా మేనేజరు ఒక పార్టీలో అందరి ముందూ నా గురించి అన్నాడు. అప్పటికి ఆయన బాగా తాగి ఉన్నాడు. అయినా నేను దాన్ని సర్టిఫికెట్ లాగే దాచుకున్నాను.

కొత్త టెలిఫొటో జూమ్ కొనాలి. అసలుదా, బయటిదా అన్నదే ప్రశ్న. అసలుదంటే నా కెమెరా చేసిన కంపెనీయే చేసినది. బయటిదంటే ఇంకెవరో చేసి, నా కెమెరాకి పట్టేలా అమ్మేది. అసలుది ధర వింటే కళ్ళు తిరుగుతాయి.

ఇంకో సంగతి. సూర్యకుమారి ఈమధ్య కాఫీ సగం గ్లాసే ఇస్తోంది. ఎందుకని అడిగితే "చల్లారిపోతోందని" అంది. అది తాగాక మిగతా సగం తెస్తుంది. రిటైరైన మొగుడికి కాఫీ కూడా వాయిదాల్లోనే.


మార్చి 22, బుధవారం

ఉగాది. బేస్‌మెంట్లో అద్దెకుంటున్న జెస్లిన్‌ని సూర్యకుమారి పచ్చడి తినడానికి పైకి పిలిచింది. నర్సాపురం పిల్ల. కాలేజీలో సప్లై చెయిన్ చదువుతూ, సాయంత్రాలు ముసలివాళ్ళ హోమ్‌లో పని చేస్తుంది. రెండు బస్సులు మారి వెళ్ళి రెండు బస్సులు మారి వస్తుంది. ఇప్పుడు ఈ ఊళ్ళో ఏ బస్సెక్కినా ఇలాంటి పిల్లలే, ఒళ్ళో బ్యాగు, చెవిలో ఇంటి ఫోను.

"మా ఇంట్లో చెయ్యరాంటీ, మేం చర్చికెళ్తాం కదా. కానీ పక్కింటివాళ్ళు గిన్నెతో ఇచ్చేస్తే తినేసేవాళ్ళం" అంది. రెండుసార్లు పెట్టించుకుని తింది.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర నిలబడింది. "అంకుల్, జూన్‌లో నా కాన్వొకేషన్. అమ్మావాళ్ళ విజిటర్ వీసా రిజెక్ట్ అయిపోయింది. లైవ్ లింకు ఇస్తారంట గానీ, అందులో మనిషి చీమంత కనపడతాడంట. మీ పెద్ద కెమెరాతో నాకొక్క ఫొటో తీసి పెడతారా? స్టేజి మీద పేరు పిలిచినప్పుడు."

తీస్తానన్నాను. తీస్తానని మాత్రమే కాదు, మీ అమ్మ నీ చెవి కమ్మలు లెక్కపెట్టుకునేట్టు తీస్తాను అన్నాను. మైదాపిండి ముద్ద తీసిన మనిషిని, ఆ మాట ఎలా అనగలిగానో నాకే తెలియదు.

అయితే ఇక లెన్స్ కొనడానికి ధర్మబద్ధమైన కారణం దొరికింది. అది కొంచెం సంతోషమే.


మార్చి 30

యోగానంద్ అసలుదే కొనమంటాడు. "బయటిది కొంటే ఫోకస్ మీ మాట వినదండీ, పెళ్ళివారింట్లో అద్దె వంటవాడిలాగా" అన్నాడు. ఇంటర్నెట్‌లో ఒకాయన బయటిదే మేలని గంటసేపు చెప్పాడు. ఇంకొకాయన అసలుదే మేలని అంతకంటే ఎక్కువసేపు చెప్పాడు. ఇద్దరూ ఇటుక గోడల్నే ఫొటో తీస్తున్నారు. లోకంలో లెన్సులున్నది ఇటుక గోడల కోసమేనని నాకు నమ్మకం కుదిరిపోయింది.

వాంకూవర్లో ఉన్న మావాడు విష్ణుని అడిగాను. "డాడ్, జస్ట్ యూజ్ యువర్ ఫోన్" అన్నాడు. కడుపున పుట్టినవాడు.

నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో నా డిగ్రీని కూడా ఇలాగే తిప్పి తిప్పి చూశారు, మా మెషిన్‌కి పడుతుందా పడదా అని. ఆ లెక్కన నేను బయటిదాని పక్షం ఉండాలి. కానీ నా మనసు మాత్రం అసలుదాని చుట్టూ తిరుగుతోంది. మనిషి బుద్ధి అంతే, తనకి తెరిచిన తలుపు ఇంకొకడికి తెరవడానికి ఆలోచిస్తాడు.


ఏప్రిల్ 6, గురువారం

నిన్న ఐస్ తుపాను. కరెంటు లేదు. చెట్ల కొమ్మలు గాజు కర్రల్లా విరిగి పడుతున్నాయి. బేస్‌మెంట్ చల్లబడిపోయిందని జెస్లిన్ దుప్పటి కప్పుకుని పైకి వచ్చేసింది. గ్యాస్ పొయ్యి ఉండబట్టి ఉప్మా తిన్నాం.

నేను నీళ్ళు పోస్తుంటే కాస్త ఒలికాయి. ఆ టేబుల్ ఎప్పుడూ సమంగా లేదు. కొన్నరోజే చెప్పాను.


ఏప్రిల్ 25

బ్యాంకులో సంతకం మళ్ళీ పెట్టమన్నారు. వాళ్ళ పెన్ను బాగాలేదు.


మే 6, శనివారం

రెండూ కొనేశాను.

దుబారా కాదు, పద్ధతి. రెండూ తెచ్చి, ఇంట్లో పరీక్షించి, ఓడిపోయినదాన్ని గడువులోపల వాపసు ఇచ్చెయ్యడం. ఈ దేశంలో ఇన్నేళ్ళుండి నేను మనస్ఫూర్తిగా నమ్మిన సిద్ధాంతం ఇదొక్కటే. రసీదు పారెయ్యకూడదు, అట్టపెట్టె చింపకూడదు. మా గరాజ్‌లో చచ్చిపోయిన మిక్సీల పెట్టెలు కూడా క్షేమంగా ఉన్నాయి.

సూర్యకుమారి రెండు పెట్టెల్నీ చూసింది. "ఒకటి ఉంచుకోండి. రెండూ ఉంచుకుంటానంటే మాత్రం మీరూ గరాజ్‌లోనే" అంది. ఒప్పుకున్నాను.


మే 9, మంగళవారం

పరీక్షలు మొదలుపెట్టాను. పక్కింటి ఇటుక గోడ బాగా పనికొచ్చింది. పక్కింటి టోనీ బయటికొచ్చి, తన ఇంటికి ఏమైనా అయిందా అని అడిగాడు. ఏమీ కాలేదు, నీ గోడ చాలా బాగుంది అన్నాను. అతను లోపలికెళ్ళి కర్టెన్ వేసుకున్నాడు.

ట్రైపాడ్ మీద పెడితే అసలుదీ కత్తిలా ఉంది, బయటిదీ కత్తిలా ఉంది. చేత్తో పట్టుకుంటే అసలుదీ మసక, బయటిదీ మసక. కొత్త లెన్సుల్లో చేతి కదలికని సర్దే మోటారు ఉంటుంది. రెండింటిలోనూ అది పనిచెయ్యడం లేదన్నమాట. రెండు వేరువేరు కంపెనీలవి, రెండు వేరువేరు దేశాల్లో తయారైనవి, ఒకేలాగా చెడిపోయి నా ఇంటికి వచ్చాయి.

ఆఫీసులో ఎవరైనా జూనియర్ నాకు ఈ రిపోర్టు తెచ్చి ఉంటే ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేంటి అని. ఇవాళ గాలి బాగా ఉంది.


మే 12, శుక్రవారం

సూర్యకుమారిని పేపరు పట్టుకుని నిలబడమన్నాను, అక్షరాల మీద ఫోకస్ చూడటానికి. కాసేపు నిలబడింది. కాళ్ళు పీకుతున్నాయంది. "ఇలా ఇవ్వండి, నేనొకటి తీస్తా" అని నా చేతిలోంచి కెమెరా లాక్కుంది. దానికి తగిలించి ఉన్నది బయటిది. జన్మలో కెమెరా ముట్టని మనిషి. ఎక్కడ నొక్కాలని అడిగి నొక్కింది.

నా మొహం. ప్రతి ముడతా ఉంది. మీసంలో పొద్దున్న తిన్న ఇడ్లీ తునక కూడా ఉంది.

ఆమె ఆ ఫొటోని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. "బాగానే వచ్చింది కదా" అంది.

అప్పుడు గాలి తగ్గింది.


మే 15

ఈ డైరీలో అక్షరాలు చిన్నవవుతున్నాయి. కాగితం పొదుపు.


మే 18, గురువారం

నిర్ణయం అయిపోయింది. అసలుది ఉంచుకుంటాను, బయటిది వాపసు. అసలుదాని మోటారు ఇంకాస్త బలమైనదని పెట్టె మీద రాశారు. నాకు కావలసింది బలమైన మోటారు. డబ్బు సంగతి తర్వాత. జెస్లిన్‌కి మాట ఇచ్చాను. రేపే షాపుకి వెళ్తాను.

సూర్యకుమారికి చెప్పాను. "సరే" అంది. అంత సులువుగా సరే అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది.


మే 19, శుక్రవారం

తల ప్రాణం తోకకొచ్చింది. వరసగా రాస్తాను.

పొద్దున లేచేసరికి వాపసు ఇవ్వాల్సిన బయటి లెన్స్ పెట్టెలో లేదు. దేవుడి గూటి ముందు పీట మీద ఉంది. నిలువునా, గౌరవంగా. పైనుంచి కిందిదాకా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు, నెత్తిన ఒక చేమంతి. పక్కన అరటిపండు. సూర్యకుమారి తలంటుకుని హారతి ఇస్తోంది.

నేను నోరు వెళ్ళబెట్టాను. "ఏంటిది?"

"కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా ఎలా వాడతామండీ? కారుకి పెట్టాం, ఫర్నేసుకి పెట్టాం, స్నో బ్లోయర్‌కి నిమ్మకాయలు కూడా తొక్కించాం. శుక్రవారం కదా అని."

"ఇది కాదు ఉంచుకునేది. అది."

"అయ్యో, రెండూ నల్లగానే ఉన్నాయండీ. నాకేం తెలుస్తుంది" అంది.

టిష్యూతో తుడిచాను. పసుపు పోయింది. కుంకుమ పోలేదు. జూమ్ తిప్పే రబ్బరు పట్టీ గీతల్లోకి పోయింది, తుడిచినకొద్దీ ఇంకా లోపలికి పోయింది. పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్దితే పట్టీ అంతా గులాబీ రంగుకి తిరిగింది. అయినా పట్టుకెళ్ళాను. ఆశ చెడ్డది.

వాపసు కౌంటరు అమ్మాయి లెన్స్‌ని దీపం కింద తిప్పి చూసింది. ఇది రక్తమా అని మెల్లగా అడిగింది. కాదు, ఆశీర్వాదం అన్నాను. ఆమె మేనేజర్ని పిలిచింది. ఆయనకి నేను గృహప్రవేశం దగ్గర్నుంచి మొదలుపెట్టి వాహన పూజదాకా చెప్పాను. ఆయన చాలా ఓపిగ్గా విన్నాడు. మీ సంప్రదాయం అంటే నాకెంతో గౌరవం, కానీ ఈ స్థితిలో తీసుకోలేము అన్నాడు. నా వెనక లైన్లో నిలబడ్డ పంజాబీ పెద్దాయన ఒక్కడే అర్థమైనట్టు తలూపాడు.

రెండూ ఉంచుకుంటే నా పడక గరాజ్‌లో. గడువు దగ్గర పడింది. కాబట్టి మళ్ళీ ఇంటికొచ్చి, అసలుదాన్ని పెట్టెలో సర్ది, పట్టుకెళ్ళి వాపసు ఇచ్చేశాను. ముప్పై ఏళ్ళు పరీక్షలు చేసిన ఇంజినీరు ఇంట్లో, రెండు నెలల పరిశోధన తర్వాత, లెన్స్‌ని నిర్ణయించినది చిటికెడు కుంకుమ.

రాత్రి నేను మజ్జిగ పోసుకోకుండానే భోజనం దగ్గర్నుంచి లేచిపోయాను. సూర్యకుమారి మాత్రం హాయిగా రెండోసారి చారు వేసుకుంది.


మే 28, ఆదివారం

పార్కులో బాతుల దగ్గరికెళ్ళాను. అన్నీ మసక. కుంకుమ లోపలికి పోయి ఉంటుంది. పొడి చాలా సన్ననిది, అద్దాల మధ్యకి పోవడానికి అవకాశం ఉంది.

ఆ మాట సూర్యకుమారితో అన్నాను. "నా బొట్టు వల్లే పోయిందంటారా?" అని అడిగింది. పోయి ఉండొచ్చు అన్నాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుని కాఫీ తెచ్చింది. సగం గ్లాసు.

అన్నాక బాధగా ఉంది. కానీ వెనక్కి తీసుకోలేదు.


జూన్ 7, బుధవారం

అడవులు తగలబడుతున్నాయి, పొగ ఊళ్ళోకి వచ్చింది. సూర్యుడు నారింజపండులా ఉన్నాడు. మూల పడేసిన మాస్కులు మళ్ళీ బయటికి తీశాం. ఇంకేం, ఫొటోలు మసకగా రావడానికి ఇంతకంటే మంచి రోజు లేదు. ఒక్కటి కూడా తియ్యకుండానే పొగ వల్ల అని రాసుకోవచ్చు.

జెస్లిన్ పైకి వచ్చింది, అద్దెకి తెచ్చిన నల్ల గౌను చూపించడానికి. రెండోసారి పెట్టిన వీసా కూడా రాలేదట. ఆ మాట గౌను కుచ్చిళ్ళు సర్దుకుంటూ చెప్పింది.

"మా అమ్మ ఫ్రేము కొనేసిందంకుల్. చర్చిలో కృతజ్ఞత కూడిక పెడతారంట, ఆ రోజు అందరికీ చూపిస్తుందంట. ఫొటో ఇంకా లేదు కదమ్మా అంటే, అంకుల్ తీస్తారన్నావు కదా అని ఖాళీదే గోడకి తగిలించేసింది."

నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను.


జూన్ 8

ఖాళీ ఫ్రేము.


జూన్ 11, ఆదివారం

పొగ పోయింది. ఆకాశం కడిగినట్టు ఉంది. గాలి లేదు. లెన్స్ అద్దం శుభ్రంగా ఉంది, టార్చ్ వేసి చూశాను, లోపల రవ్వంత కుంకుమ కూడా లేదు. టోనీ గోడ ఎక్కడికీ పోలేదు.

మసక.


జూన్ 14, బుధవారం

ఇవాళ నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది, అందుకే రాస్తున్నాను.

జెస్లిన్ రెండు గెస్ట్ టికెట్లు తెచ్చింది, మాకిద్దరికీ. నేను టికెట్టు వైపు చూడకుండా, "కాలేజీవాళ్ళు ప్రొఫెషనల్ ఫొటోగ్రాఫర్లని పెడతారు కదమ్మా, వాళ్ళ దగ్గర కొనుక్కోరాదూ, నా ఫొటో దేనికి?" అన్నాను. మాట మామూలుగా వచ్చేట్టు చూసుకున్నాను.

ఆ పిల్ల చేతిలో టికెట్ల అంచులు సమం చేసింది. "అలాగే అంకుల్" అంది. టికెట్లు టేబుల్ మీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది. బేస్‌మెంట్ తలుపు ఎప్పుడూ దబ్బున పడుతుంది. ఇవాళ చప్పుడు కాలేదు.

సూర్యకుమారి వంటింట్లోంచి వచ్చింది. "ఎందుకలా అన్నారు?"

"లెన్స్ బాగాలేదు."

"లెన్స్ బాగుంది."

"నీకేం తెలుసు?"

"తెలుసు. నేను తీస్తే మీ మీసంలో ఇడ్లీ కనపడింది. బాగుందని తెలిసే దానికి బొట్టు పెట్టాను."

నేను కుర్చీలో కూర్చున్నాను. "కావాలని పెట్టావా?"

"కావాలనే పెట్టాను. మీరు ఆ ఖరీదైనది ఉంచుకుని, అది కూడా బాగాలేదని ఇంకోటి తెచ్చి, దానికీ వంక పెట్టి, ఇలా షాపులన్నీ తిరుగుతారని. ఎన్ని మార్చినా పట్టుకునేది అవే చేతులు కదండీ."

కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నాను.

"ఎప్పట్నించి తెలుసు?" అన్నాను.

"దీపావళికి ప్రమిదల్లో నూనె పోశారు కదా, అప్పట్నించి. కుడి చెయ్యి. కాఫీ గ్లాసు నిండా ఇస్తే ఒలకబోసుకుంటారు, ఒలకబోసుకుని టేబుల్‌ని తిడతారు. ఆ తిట్లు వినలేక సగం పోస్తున్నాను."

అంటే ఆ సగం గ్లాసులు. నేను పిసినారితనం అనుకున్నది, వాయిదాలని వెక్కిరించినది. ఏడు నెలలుగా ఆమె నా చేతిని కాపాడుతూ ఉంది, నేనేమో కాఫీ తక్కువైందని ఇక్కడ రాసుకుంటున్నాను.

భయమేస్తోంది అని చెప్పాను. నోటితో చెప్పాను, మొదటిసారి. డాక్టరు దానికొక పేరు పెడతాడని భయం. ఆ పేరు వచ్చాక కారు తాళాలు, కెమెరా, చివరికి చొక్కా గుండీలు కూడా ఒకటొకటే చేజారిపోతాయని భయం. అదురు ఎక్కడుందో కనిపెట్టడమే తిండిపెట్టిన మనిషిని, నా ఒంట్లో ఉన్నదాన్ని ఇటుక గోడల్లో వెతికాను.

సూర్యకుమారి నా చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. "పేరు పెట్టనివ్వండి. పేరు లేకపోతే మందెలా ఇస్తారు? వచ్చే శుక్రవారం మన ఫ్యామిలీ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. స్పెషలిస్టుకి రెఫరల్ రాసినా నెలలు పడుతుంది కదా, ముందు లైన్లో నిలబడాలి."

"నాకు చెప్పకుండానా?"

"మీ మోకాలి నొప్పికని చెప్పి తీసుకెళ్దామనుకున్నా."

మోకాలు నొప్పి లేదు నాకు. అయినా వెళ్ళి ఉండేవాణ్ణి, అదీ తెలుసు ఆమెకి.


జూన్ 15, గురువారం

జెస్లిన్‌ని పైకి పిలిచి చెప్పాను. లెన్స్ కాదమ్మా, నా చెయ్యి వణుకుతోంది, అందుకని తప్పించుకోబోయాను, ఫొటో పాడైతే మీ అమ్మ ఫ్రేము ఖాళీగా ఉండిపోతుంది అని.

"వణుకుతుందని తెలుసంకుల్" అంది. "లెటర్లు తెచ్చి ఇస్తారు కదా, కాగితం చప్పుడవుద్ది."

"మరి తెలిసి నన్నెందుకు అడిగావు?"

ఆ పిల్ల గోళ్ళు చూసుకుంది. "ఫొటోకొక్కదానికే కాదంకుల్. పేరు పిలిచినప్పుడు పైనుంచి ఎవరో ఒకరు నన్నే చూస్తూ ఉండాలి కదా. ఊరికే రండంటే మీరు రారేమోనని. కెమెరా పని చెప్తే తప్పకుండా వస్తారని ఆంటీ అన్నారు."

ఆంటీ అన్నారట. ఈ ఇంట్లో నేనొక్కణ్ణే అమాయకుణ్ణి.

"వస్తాం. ఫొటో కూడా తీస్తాను" అన్నాను. ఎలాగో తెలియదు.


జూన్ 20, మంగళవారం

ఉదయం నుంచి రాయాలని ఉంది, ఇప్పటికి కుదిరింది.

ఊళ్ళో ఐస్ హాకీ ఆడే పెద్ద అరీనాలో కాన్వొకేషన్. ట్రైపాడ్ పట్టుకెళ్ళాను. గేటు దగ్గర ఆపేశారు, మూడు కాళ్ళవి లోపలికి రానివ్వరట. ఈ సంగతి టికెట్టు వెనకే రాసి ఉంది. నేను లెన్సుల గురించి లోకంలో ఉన్నదంతా చదివాను, టికెట్టు వెనక తప్ప. సెక్యూరిటీ అబ్బాయి దానికో టోకెన్ ఇచ్చి లోపల పెట్టేశాడు. నా ధైర్యం కూడా ఆ టోకెన్‌తోనే పోయింది.

లోపల నిండిపోయింది. పట్టుచీరలు, తలపాగాలు, చంకల్లో చంటిపిల్లలు. ఇళ్ళనుంచి రాలేనివాళ్ళ కోసం స్నేహితులు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు, ఒక్కో ఫోనులో ఒక్కో ఇంటి హాలు, అక్కడ సాయంత్రం, సోఫాలో వరసగా మనుషులు. మా సీట్లు బాగా పైన. స్టేజి అగ్గిపెట్టెంత ఉంది. చేత్తో ఎత్తి చూశాను. స్టేజి మొత్తం గంగిరెద్దులా ఊగింది.

"రాదు" అన్నాను.

సూర్యకుమారి నా వైపు చూసింది. లేచి, మా ముందు వరసలో ఖాళీగా ఉన్న సీట్లోకి దిగి, సరిగ్గా నా ముందు కూర్చుంది. పైట కొంగు నాలుగు మడతలు వేసి భుజం మీద పెట్టుకుంది. "ఇక్కడ ఆనించండి" అంది.

"ఏంటి?"

"మూడు కాళ్ళవి రానివ్వం అన్నారు గానీ, రెండు కాళ్ళవి వద్దనలేదు కదా."

లెన్స్‌ని ఆమె భుజం మీద పెట్టాను. ఎడమ చేత్తో అదిమాను. లోపల స్టేజి ఇంకా కదులుతోంది, కానీ ఇది వేరే కదలిక. మెల్లగా పైకి, మెల్లగా కిందికి. ఆమె ఊపిరి. నలభై ఏళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాను, ఆమె ఊపిరి ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"ఊపిరి బిగబట్టనా?"

"ఇప్పుడే వద్దు. దాని పేరు పిలిచినప్పుడు."

పేర్లు పిలిచేవాడికి మన పేర్లు నోరు తిరగడం లేదు. ఎవరిని పిలుస్తున్నాడో తెలియడం లేదు. 'జె' అని వినపడ్డప్పుడల్లా సూర్యకుమారి ఊపిరి బిగబట్టేసింది. జస్‌ప్రీత్‌కి బిగబట్టింది, జెరెమీకి బిగబట్టింది, ఎవరో జెన్నిఫర్‌కి కూడా బిగబట్టి మొహం ఎర్రబడింది. "ఇంకెంతమందండీ?" అంది. "అందరికీ ఆపకే, పోతావు" అన్నాను. మా పక్కన కూర్చున్న తెల్లావిడ మమ్మల్ని చూసి తన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు జెస్లిన్ వచ్చింది. స్టేజి అంచున నిలబడ్డప్పుడే గుర్తుపట్టాను, గౌను కింద ఎర్ర చీర అంచు. "ఇదే" అన్నాను. సూర్యకుమారి ఆగిపోయింది. లెన్స్ ఆగిపోయింది. నా చెయ్యి మాత్రం ఆగలేదు, అది దాని పని అది చేసుకుంటూనే ఉంది, కానీ ఆ భుజం దాన్ని లెన్స్‌దాకా రానివ్వలేదు. ఆ పిల్ల కాగితం అందుకుంది. దిగబోయే ముందు తల పైకెత్తి, ఇంతమంది జనంలో మేమెక్కడున్నామో వెతికింది. నొక్కాను.

తర్వాత చూసుకుంటే చాలావాటిలో మసక. ఒక్కదాంట్లో కాదు. ఒకటి చాలు. కళ్ళు పైకెత్తి వెతుకుతోంది, పెదవి కొరుక్కుంటోంది, చెవి కమ్మలకున్న ముత్యాలు లెక్కపెట్టుకోవచ్చు.

సూర్యకుమారి పైట సర్దుకుంటుంటే కొంగు మడత మీద ఎర్రటి మరక కనపడింది. రబ్బరు పట్టీలో ఇరుక్కుపోయిన కుంకుమ అంటుకుంది. పట్టుచీర. ఉతికినా పోదు. "అయ్యయ్యో" అన్నాను.

"పోనీలెండి, నేను పెట్టిందే కదా" అంది.


జూన్ 21, బుధవారం

ఫొటో పంపాను. ప్రింటు వేయించగానే నర్సాపురం నుంచి జెస్లిన్ వాళ్ళమ్మ మార్తాగారు ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ" అని ఆగిపోయారు. కాసేపటికి, "ఫ్రేములో పట్టిందండీ, సరిగ్గా పట్టింది" అన్నారు. జెస్లిన్ ఫోను తీసుకుని మాకు బదులు తనే మాట్లాడింది.

యోగానంద్‌కి కూడా పంపాను. "ఇంత షార్ప్‌గా ఉంది, అసలుదే కదండీ?" అని రాశాడు. బయటిదేనని జవాబిచ్చాను. దేనికి ఆనించి తీశానో అతనికి చెప్పలేదు. ఆ లెన్స్ దగ్గరికెళ్ళి క్షమించమన్నాను, గట్టిగానే అన్నాను, ఎవరూ వినలేదు. ఆ రోజు దాని నెత్తిన పెట్టిన చేమంతి ఎండిపోయి పెట్టెలో ఉంది, పారెయ్యలేదు.


జూన్ 23, శుక్రవారం

పది గంటలకి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. భయం అలాగే ఉంది. కారు సూర్యకుమారి నడుపుతానంది, సరే అన్నాను.

కాఫీ తెస్తుంటే నేనే చెప్పాను, సగమే పొయ్యమని. ఆమె నా మొహంలోకి చూసి సగం పోసింది. తాగేసి, మిగతా సగానికి గ్లాసు చాపాను. గ్లాసు వణికింది, రెండు చుక్కలు ఒలికాయి.

టేబుల్‌ని ఏమీ అనలేదు.